సెల్‌ఫోనులో బేరం: పాల సంఘాల సభ్యులు తెలుసుకోవలసినవి

పటాన్‌చెరు నుండి సదాశివపేట దాకా ఈ మధ్య ఏ సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్ళినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తున్నది. "సార్, బీరంగూడ అపార్టుమెంట్లల్ల బర్రె పాలకు సంఘం ధర మీద ఇంకింత ఎక్కువిస్తుండ్రు. వాట్సాప్‌ల పెడితే వాళ్ళే వచ్చి తీస్కపోతరు. మేము సంఘంల ఎందుకు పొయ్యాలె?" అడిగేది సాధారణంగా కుర్రవాళ్ళు. పెద్దలు వాళ్ళ వైపు కోపంగా చూస్తారు. సెక్రటరీ నా వైపు చూస్తాడు.

ప్రశ్న న్యాయమైనదే. దీనికి కోప్పడి లాభం లేదు, లెక్క చెప్పాలి. ముందు ఆ లెక్క చూసి, ఆ తరువాత సోషల్ మీడియా అనే ఈ కొత్త సంతలో పాడి రైతు ఏమి అమ్మవచ్చునో, ఎట్లా అమ్మవచ్చునో తెలుసుకుందాం.

మాట వరుసకు ఒక సభ్యుడు రోజుకు 10 లీటర్లు నేరుగా ఇళ్ళకు వేశాడనుకోండి. సంఘం ధర మీద లీటరుకు 25 రూపాయలు ఎక్కువ వస్తే రోజుకు 250 రూపాయలు. ఇందులో మోటారు సైకిలు పెట్రోలు 80, సంచులు, సీసాలు 20, విరిగిపోయినవి, బాకీ పడినవి సగటున 30 తీసివేస్తే 120 మిగులుతుంది. దానికి ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పని. లాభమే లేదని నేను అనను. అయితే సంక్రాంతికి, దసరాకు, వేసవి సెలవులకు ఆ అపార్టుమెంట్లలో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. గేదెకు మాత్రం సెలవులు లేవు. ఆ పది పదిహేను రోజులు ఆ పాలు ఎవరు తీసుకోవాలి? అప్పుడు మళ్ళీ సంఘమే కావాలి. చలికాలంలో పాలు పొంగి వచ్చినప్పుడు కూడా రెండు పూటలా కొలత వేసి తీసుకునేది సంఘమే. దాణా, పశువైద్యం, బీమా, బ్యాంకు అప్పుకు సిఫారసు, ఏడాది చివర బోనసు, ఇవన్నీ మీరు పోసిన లీటర్ల మీద ఆధారపడి ఉంటాయి. ఓటు హక్కు నిలవడానికి ఏడాదిలో ఎన్ని రోజులు, ఎన్ని లీటర్లు పోయాలో మీ సంఘం బైలాలో రాసి ఉంటుంది. ఇంటికి వెళ్ళగానే ఒకసారి తీసి చూసుకోండి.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. ఆహార భద్రతా చట్టం 2006లో వచ్చింది, దాని లైసెన్సు నిబంధనలు 2011 ఆగస్టు నుండి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం సహకార సంఘంలో సభ్యుడై, తన పాలు యావత్తు సంఘానికే పోసే రైతుకు విడిగా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఆ మినహాయింపు సంఘం నీడన ఉన్నందువల్ల వచ్చినది. పాలు గాని, పాలతో చేసిన సరుకు గాని బయట అమ్మడం మొదలుపెడితే మీరు చిన్న ఆహార వ్యాపారి అవుతారు. అప్పుడు ఆన్‌లైనులో గాని మీ సేవా కేంద్రంలో గాని దరఖాస్తు చేసి 14 అంకెల నంబరు తెచ్చుకోవాలి. ఖర్చు స్వల్పమే. ఆ నంబరు లేకుండా వాట్సాప్‌లో పనీరు బొమ్మ పెట్టినవారి మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే సమాధానం చెప్పుకోవడం కష్టం.

కనుక నా సలహా ఇది. పాలు సంఘానికి. సంఘం తీసుకోనివి, సంఘానికి పోటీ రానివి ఫోనులో అమ్మండి. అవి ఏమిటన్నది కింద చెబుతాను.

ప్రచారం అనేది మన సహకార పాడి రంగానికి కొత్త కాదు. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు 1946లో సంఘం పెట్టుకున్నారు. అమూల్ వెన్నకు చుక్కల గౌను పాప బొమ్మతో బొంబాయిలో బోర్డులు వెలిసింది 1966 ప్రాంతంలో. అంటే మధ్యలో ఇరవై ఏళ్ళు వాళ్ళు పాలు సేకరించడం, శీతలీకరణ, వెన్న, పొడి తయారీ నేర్చుకున్నారు. సరుకు కుదిరిన తరువాతనే బొమ్మ అంతగా పేరు తెచ్చింది. నాటి నుండి నేటి వరకు అదే పాప, అదే చమత్కారం. అప్పుడు రోడ్డు పక్క బోర్డు మీద, ఇప్పుడు ఫోనులో. ముఖం మార్చకపోవడమే దాని బలం.

మన జిల్లాలోనే మరొక ఉదాహరణ ఉన్నది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభించారు. జొన్న, కొర్ర, సామల గురించి వాళ్ళ భాషలో వాళ్ళే మాట్లాడారు. అంతకు ముందే వీడియో కెమెరా పట్టడం కూడా నేర్చుకున్నారు. అక్షరం రానివారు కూడా అందులో ఉన్నారు. కాబట్టి "మాకు చదువు లేదు, ఫోనులో ఏం చెప్పగలం" అనే మహిళా సభ్యులు జహీరాబాద్ వైపు ఒకసారి చూడాలి.

ఇక పేరు రావడం ఒక ఎత్తు, దానిని మోయడం ఇంకొక ఎత్తు. హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్క భోజనం పెట్టే కుమారి ఆంటీ సంగతి మీ ఇళ్ళలో పిల్లలకు తెలుసు. ఆమె ఏళ్ళ తరబడి అన్నం, కూర అమ్ముకుంటున్నది. యూట్యూబు వాళ్ళు వీడియోలు తీశారు, "రెండు లివర్లు ఎక్స్‌ట్రా" అన్న మాట ఇంటింటికీ పాకింది. జనం విరగబడ్డారు, రోడ్డు మీద వాహనాలు ఆగిపోయాయి. 2024 జనవరి నెలాఖరులో ట్రాఫిక్ పోలీసులు బండి తీసేయమన్నారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు జోక్యం చేసుకుని అక్కడే అమ్ముకోనిమ్మని చెప్పవలసి వచ్చింది. ఆమె అమ్మేది రోజూ వచ్చేవారికి సరిపడా భోజనం. ఫోను తెచ్చింది అంతకు ఎన్నో రెట్ల జనాన్ని. సర్కారు కలగజేసుకుంటే ఆ గండం గడిచింది. మన వాళ్ళకు అందరికీ ముఖ్యమంత్రి వచ్చి అడ్డుపడడు గదా! ఇంట్లో వారానికి మూడు కిలోల నెయ్యి తయారయ్యే చోట ముప్పై కిలోల ఆర్డరు వచ్చిందనుకోండి. మనిషి మనసు ఊరుకోదు. బజారులో డబ్బా నెయ్యి కొని కలుపుదామా అనిపిస్తుంది. అక్కడితో పేరు, వ్యాపారం రెండూ పోతాయి. "ఈ వారం అయిపోయింది, వచ్చే ఆదివారం" అని రాయడం నేర్చుకోవాలి. అయిపోయింది అన్న మాట కూడా మంచి ప్రచారమే.

రెండవ సంగతి 2025 ఏప్రిల్‌లో జరిగినది. రాజమహేంద్రవరంలో ఇన్‌స్టాగ్రామ్ ద్వారా బాగా పేరు తెచ్చుకున్న ఒక పచ్చళ్ళ వ్యాపారం ఉండేది. ధర ఇంత ఎక్కువేమిటని వాట్సాప్‌లో అడిగిన కొనుగోలుదారుకు అక్కడి నుండి బూతు మాటలతో వాయిస్ మెసేజి వెళ్ళింది. అతడు దానిని పది మందికి పంపాడు. రెండు మూడు రోజుల్లో తెలుగువాళ్ళున్న ప్రతి ఊరికీ చేరింది. ఎన్నాళ్ళ కష్టమో ఒక నిమిషం మాటతో దెబ్బతిన్నది. మన పాల కేంద్రాల దగ్గర వెన్న శాతం తక్కువ వచ్చిందని రోజూ ఎవరో ఒకరు గొడవ పడుతూనే ఉంటారు. పది నిమిషాల్లో చల్లారిపోతుంది, సాయంత్రం మళ్ళీ క్యాను పట్టుకుని వస్తారు. ఫోనులో అన్న మాట అట్లా చల్లారదు. కాబట్టి కోపం వచ్చినప్పుడు మైకు గుర్తు నొక్కవద్దు. ధర ఎక్కువ అన్నవారికి ధర ఎందుకు అంత అయిందో చెప్పగలగాలి.

నెయ్యి ధర కట్టే పద్ధతి

ఇది చాలామంది తప్పుగా కడుతున్నారు. పక్కవాడు 900కు అమ్ముతున్నాడని తానూ 900 అంటారు. 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు లీటరు బరువు సుమారు 1.03 కిలోలు. 16 లీటర్లలో వెన్న సుమారు 1.15 కిలోలు. ఇంట్లో తోడు వేసి, చిలికి, కాచే పద్ధతిలో మజ్జిగలో, గోకుడులో కొంత పోతుంది. కనుక కిలో నెయ్యికి 16 లీటర్లు లెక్క వేసుకోవాలి. ఆ పాలు సంఘానికి పోస్తే లీటరుకు 50 రూపాయలు వచ్చేవనుకుంటే సరుకు ఖరీదే 800. వంటచెరుకు లేదా గ్యాసు 30, సీసా, లేబులు 40, ఇంటి ఆడవాళ్ళ కూలి 100, చేరవేత 30. మొత్తం 1,000. ఆడవాళ్ళ కూలి లెక్కలో వేయనివాడే 900కు అమ్మగలడు! మీ సంఘం ధర వేరుగా ఉంటే 50 బదులు ఆ అంకె వేసుకోండి. మిగిలిన మజ్జిగ ఇంటికి, దూడకు ఉపయోగం. ఈ లెక్కను ఉన్నది ఉన్నట్టు కొనేవారికి పంపండి. 16 లీటర్ల పాలు అన్న మాట వినగానే బేరమాడేవారిలో సగం మంది ఊరుకుంటారు. 2025 సెప్టెంబరు 22 నుండి నెయ్యి మీద జి.ఎస్.టి. 12 నుండి 5 శాతానికి తగ్గింది. కంపెనీ నెయ్యి ధర కూడా ఆ మేరకు దిగింది గనుక కొనేవారు రెండూ పోల్చి చూస్తారు. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి మీద వివాదం రేగిన దగ్గర నుండి ప్రశ్నలు కూడా ఎక్కువయ్యాయి. ప్రశ్న అడిగేవారిని అనుమానపు మనుషులు అనుకోవద్దు. సమాధానం చెప్పగలిగినవారికి అదే అవకాశం.

అన్నిటికన్నా ఫోనుకు తగిన సరుకు జున్ను పాలు. ఈనిన మొదటి నాలుగైదు రోజుల పాలు సంఘం తీసుకోదు, తీసుకుంటే క్యాను మొత్తం విరిగిపోతుంది. నగరంలో పుట్టి పెరిగినవారికి జున్ను అంటే ప్రాణం, దొరకదు. "ఈ రోజు జున్ను పాలు 2 లీటర్లు" అని స్టేటస్ పెడితే గంటలో అడిగేవారు పది మంది ఉంటారు. అయితే ముందు దూడ. ఈనిన గంటలోపు దూడకు ముర్రుపాలు పట్టాలి, రోజుకు దాని బరువులో పదో వంతు తాగాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు. దాని కడుపు కొట్టి జున్ను అమ్మితే రెండేళ్ళ తరువాత పడ్డ రూపంలో నష్టం కనబడుతుంది. మిగిలినదే అమ్మాలి.

రెండవది పేడ ఎరువు. అమీన్‌పూర్, తెల్లాపూర్, కొల్లూరు వైపు మేడల మీద కూరగాయలు పండించేవారు చాలామంది ఉన్నారు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తమ మిద్దెతోట అనుభవాలను పంచుకుంటూ వచ్చినందువల్ల ఆ మాటే జనంలో స్థిరపడిపోయింది. మిద్దెతోట గ్రూపులలో మాగిన పశువుల ఎరువు ఎక్కడ దొరుకుతుందని అడుగుతూనే ఉంటారు. ట్రాక్టరు లెక్కన అమ్మే ఎరువును జల్లించి, 10 కిలోల సంచులలో పోస్తే ధర వేరు. ఇందులో విరిగిపోయేది లేదు, చల్లబరచవలసినది లేదు. సంక్రాంతికి పిడకలు కూడా ఇదే దారి.

పనీరు, కోవా మాత్రం విడి సభ్యుల కన్నా సంఘమే చేయడం మంచిది. చల్లని పెట్టె ఉండాలి, పనివారికి శుభ్రత తెలియాలి. పాశమైలారం, ఇస్నాపూర్ పరిశ్రమలలో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన కార్మికులు చాలామంది ఉన్నారు. వాళ్ళకు తెలుగులో మెసేజి పెట్టి ఏం లాభం? హిందీలో అర నిమిషం వాయిస్ పంపండి. మన సంగారెడ్డి వైపు హిందీ, ఉర్దూ రానివారెవరు? రంజాన్ పండుగకు షీర్ ఖుర్మా కోసం పాలు ఎక్కువ కావాలి. నాలుగు రోజుల ముందే ఆర్డర్లు రాసుకున్న సంఘం ఆ రోజు కంగారు పడదు.

ఫోను పని

వాట్సాప్‌లో వ్యాపారానికి వేరే యాప్ 2018 నుండి ఉన్నది, ఉచితం. ఇంటి నంబరు కాకుండా సంఘానికి ఒక సిమ్ము తీసుకుని అందులో పెట్టండి. సరుకుల పట్టిక, ధరలు, పని వేళలు అందులో ఉంచవచ్చు. గ్రూపు పెడితే ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది, ఆడవారు ఇష్టపడరు. అందుచేత బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు. ఒక లిస్టులో 256 మంది వరకు పడతారు. కాని మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే అది చేరుతుంది. "మెసేజి పెట్టాను, ఒక్కరూ పలకలేదు" అనేవారి బాధకు తరచు ఇదే కారణం. మొదటి సరుకు ఇచ్చినప్పుడే "మా నంబరు సంఘం పేరుతో సేవ్ చేసుకోండి అమ్మా" అని చెప్పాలి.

మెసేజి చిన్నదిగా ఉండాలి. సరుకు, పరిమాణం, ధర, ఎప్పుడు, ఎక్కడ. "శనివారం సాయంత్రం 5 గంటలకు పనీరు 12 కిలోలు. అర కిలో ఇంత. ఆర్డరు శుక్రవారం రాత్రి 8 లోపు. అందజేత బీరంగూడ కమాను దగ్గర." ఇంతే. పువ్వుల బొమ్మలు, శుభోదయాలు రోజూ పంపితే మీ నంబరును మూసేస్తారు. ఫోటో పగటి వెలుతురులో, ఇంట్లో వాడే స్టీలు గిన్నెలో తీయాలి. ఇంటర్‌నెట్ నుండి దించిన ఆవు బొమ్మ పెట్టవద్దు. మన కొట్టం, మన గేదె ఉండగా స్విట్జర్లాండు ఆవు ఎందుకు?

మా నెయ్యి తింటే షుగరు తగ్గుతుంది, మోకాళ్ళ నొప్పి పోతుంది అని రాయడం నేరం. ఎ-టూ పాలు అని రాయడం గురించి 2024 ఆగస్టులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ముందు వద్దని ఉత్తర్వు ఇచ్చి, ఐదు రోజుల్లో దానిని వెనక్కు తీసుకున్నది. పెద్ద కంపెనీలకే తెగని ఆ తగాదాలోకి మనం దిగవలసిన అవసరం లేదు. అలాగే ఫెడరేషన్ విజయ గుర్తును సొంత సీసా మీద అతికించవద్దు. అది ఫెడరేషన్ సరుకుకే చెందినది.

డబ్బు ఎవరి ఖాతాలో పడుతున్నది?

తనిఖీ అధికారిగా నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఒక సంఘంలో కౌంటరు మీద అతికించిన స్కానరు కాగితం సెక్రటరీ గారి సొంత బ్యాంకు ఖాతాది. ఆయన దొంగ కాదు. సాయంత్రం లెక్క చూసి నగదు కట్టేవాడు. కాని కొన్ని రోజులు కట్టడం ఆలస్యమైంది, ఎంత ఆలస్యమైందో ఫోనులో తేదీలతో సహా ఉన్నది. ఆడిట్ భాషలో దానిని తాత్కాలిక దుర్వినియోగం అంటారు. 1964 చట్టం కింద నమోదైన సంఘాలలో 60వ సెక్షను సర్‌చార్జి దాకా పోవచ్చు. మంచి మనిషికి చెడ్డ పేరు రావడానికి ఒక కాగితం ముక్క చాలు. కాబట్టి సంఘం ఖాతా ఉన్న బ్యాంకు నుండే సంఘం పేరిట స్కానరు తీసుకోండి. వాట్సాప్ ఆర్డర్లకు స్థానిక అమ్మకాల రిజిస్టరులో వేరే పేజీలు కేటాయించి తేదీ, ఇంటి నంబరు, సరుకు, మొత్తం, జమ అయిన విధం రాయండి. రాత్రి కేంద్రం మూసే ముందు బ్యాంకు మెసేజీల మొత్తం, రిజిస్టరు మొత్తం సరిపోవాలి.

మోసగాళ్ళు కూడా ఇదే సంతలో తిరుగుతున్నారు. "మిలిటరీ క్యాంపుకు 40 కిలోల పనీరు కావాలి, అడ్వాన్సు పంపుతున్నాం, ఈ కోడు స్కాన్ చేసి పిన్ను కొట్టండి" అంటారు. డబ్బు తీసుకోవడానికి ఎన్నడూ పిన్ను అవసరం లేదు. పిన్ను కొట్టారంటే మన డబ్బే పోతుంది. పోయిన వెంటనే 1930కి ఫోను చేయాలి, ఆలస్యం చేసే కొద్దీ ఆశ తగ్గుతుంది.

"మీది పటాన్‌చెరు పాలా?"

ఈ ప్రశ్న ఫోనులో ఏదో ఒక రోజు వస్తుంది. నక్కవాగు కథ లోకానికి తెలుసు. పరిశ్రమల వ్యర్థజలాల మీద 1990లో సుప్రీంకోర్టుకు కేసు వెళ్ళింది, పొలాలు పాడైన రైతులకు పరిహారం అన్న మాట కోర్టులోనే వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుండి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు చాలా ఎక్కువ మోతాదులో ఉన్నదని ప్రకటించారు. చదువుకున్న కొనుగోలుదారుకు ఇవన్నీ రెండు నిమిషాల్లో ఫోనులో దొరుకుతాయి. "అవన్నీ అబద్ధాలు" అని మనం రాస్తే మన మాట ఎవరు నమ్ముతారు? కోప్పడితే పచ్చళ్ళ సంగతి పునరావృతం అవుతుంది.

సంఘం చేయవలసినది ముందే చేసి పెట్టుకోవాలి. సభ్యుల పశువులు ఏ నీరు తాగుతున్నాయో ఇంటింటికీ రాసుకోవాలి. వాగు నీరు, పరిశ్రమల కింది కుంట నీరు తాగే పశువులు, ఆ నీటితో పెంచిన పశుగ్రాసం మేసే పశువులు ఉంటే ఆ సభ్యులను నలుగురిలో నిలదీయకుండా వేరే నీటి ఏర్పాటుకు సంఘం తోడ్పడాలి. తాగునీటి బోర్లకు, పాలకు పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని తేదీతో సహా ఫోటో తీసి ఉంచాలి. పొదుగువాపుకు ఇంజక్షన్లు చేయించిన గేదె పాలు, మందు సీసా మీద రాసిన గడువు తీరే వరకు క్యానులో కలపరాదు. ఎవరైనా అడిగినప్పుడు "మా పశువులు ఫలానా బోరు నీరు తాగుతాయి, ఇదిగో పరీక్ష కాగితం, ఆదివారం వచ్చి చూడండి" అని రాయాలి. వచ్చినవారికి కొట్టం చూపించి ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వండి. ఆ మనిషి తన అపార్టుమెంటు గ్రూపులో రాసే నాలుగు వాక్యాలు మీరు పెట్టే నలభై మెసేజీల కన్నా ఎక్కువ పని చేస్తాయి. పరీక్షలో ఏదైనా తేడా వస్తే ఆ బోరు ఆపి, ఆ సంగతి కూడా చెప్పాలి. దాచిన కాగితం ఎప్పటికైనా బయటపడుతుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు పాలకవర్గ సమావేశంలో తీర్మానం రాయండి. అందులో ఫోను నంబరు, దానిని చూసే సభ్యుని పేరు, అతనికి ఇచ్చే కమీషను, స్కానరు ఖాతా వివరాలు, అమ్మే సరుకులు, ధర నిర్ణయించే అధికారం ఎవరిదో ఉండాలి. ఫోను చూసే పనికి చదువుకున్న ఆడపిల్లను గాని, కోడలిని గాని పెడితే మంచిది. కొనేవారిలో ఎక్కువమంది ఆడవారే. ఆమె పెళ్ళయి వెళ్ళినా, మానుకున్నా సిమ్ము, ఫోను సంఘానికే చెందుతాయని కూడా తీర్మానంలో రాయాలి. మూడు నెలలకు ఒకసారి ఎన్ని ఆర్డర్లు, ఎంత అమ్మకం, ఎంత బాకీ అని సభ్యులకు చదివి వినిపించాలి. నేను తనిఖీకి వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ తీర్మానం పుస్తకమే.